ఎదుటి కుర్చీలో ముగ్గురు

రమ్మీ మనకెవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. పెళ్ళివారి విడిదిలోనో, సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడో పెద్దవాళ్ళు చాప మీద పేక పంచుకుంటుంటే వాళ్ళ భుజం వెనక చేరి చూశాం. ఏ ముక్క ఎత్తారో, ఏది పడేశారో, సీక్వెన్స్ కుదరకుండానే షో చెప్పిన బాబాయి ఎలా ఫుల్ కౌంట్ తిన్నాడో గమనించాం. ఒకరోజు ఒక చెయ్యి తక్కువైతే "రారా, నువ్వు కూర్చో" అన్నారు. అప్పటికే ఆట సగం వచ్చేసి ఉంది.

ట్రేడింగ్ కార్డ్ గేములకు ఆ భుజం దొరకదు. మ్యాజిక్: ది గ్యాదరింగ్, పోకెమాన్, యూ-గి-ఓ, లోర్కానా ప్రధానంగా ఇద్దరి ఆటలు. ఆడేది ఒక్కరే ఉన్న ఇంట్లో, పక్కన కూర్చుని చూద్దామన్నా ఆట జరగదు. రెండో మనిషి నేరుగా ఎదుటి కుర్చీలోకి రావాల్సిందే. బెల్లెవ్యూలోనో గచ్చిబౌలిలోనో కొత్త కాపురం పెట్టిన జంటలో ఒకరికి ఈ పిచ్చి ఉండి, ఇంకొకరికి లేకపోతే శనివారం సాయంత్రం ఎలా గడుస్తుందో ఊహించడం కష్టం కాదు. గంటసేపు రూల్సు, అరగంట ఆట, ఆపైన "ఇంకోసారి చూద్దాంలే".

నేర్పడానికి కూర్చున్న మనిషి అక్కడ మూడు ఉద్యోగాలు చేస్తుంటారు. నియమాలు చెప్పే మాస్టారు తనే. ఈ ఎత్తు చెల్లుతుందా లేదా అని తేల్చే అంపైరూ తనే. ఓడించాల్సిన ప్రత్యర్థీ తనే. "నీ జీవి ఇప్పుడు అడ్డుకోకూడదు" అని మాస్టారు అన్నప్పుడల్లా లాభపడేది ప్రత్యర్థి. నేర్చుకునేవాళ్ళకు ఒళ్ళు మండదా మరి? బయటి మాస్టారైతే మొహమాటానికి ఊరుకుంటారు. మొగుడూపెళ్ళాల మధ్య ఆ మొహమాటం ఉండదు. మొగుడి దగ్గర కారు నేర్చుకున్న ఏ ఆవిడనైనా అడగండి, చెప్తుంది. అందుకే ఆట కష్టమా తేలికా అన్నది నా దృష్టిలో రెండో ప్రశ్న. ఎదుటి కుర్చీలో కూర్చున్న ఆ ముగ్గురిలో ఎవరిని, ఎప్పుడు లేపి పంపాలన్నది మొదటిది. ఇన్నేళ్ళుగా ఆటగాళ్ళూ కంపెనీలూ ఇచ్చుకుంటూ వచ్చిన సలహాలను ఈ కొలతతోనే చూస్తాను.

ముందు ఆట బరువు సంగతి. మ్యాజిక్‌ను 1993లో రిచర్డ్ గార్ఫీల్డ్ అనే గణిత శాస్త్రజ్ఞుడు తయారు చేశాడు, విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ విడుదల చేసింది. మొదటి ముద్రణలో 295 రకాల కార్డులుండేవి. ఇప్పుడవి పాతిక వేలు దాటాయి. పూర్తి నియమావళి వందల పేజీలు. ఈ ఆటలో ముక్కలను తగినట్టు పేర్చి ఏ కంప్యూటర్ లెక్కనైనా నడిపించవచ్చని 2019లో ముగ్గురు పరిశోధకులు నిరూపించారు. అంటే కొన్ని సందర్భాల్లో ఆట ఎటు ముగుస్తుందో తేల్చగల పద్ధతంటూ ఏదీ ఉండదు. వినడానికి భయంగానే ఉంటుంది. కానీ ఆడుకునే మేరకు చూస్తే లోపలి ఎముకల గూడు చిన్నదే. ఇద్దరికీ చెరో ఇరవై ప్రాణాలు. చేతిలో ఏడు ముక్కలు. వంతుకొక ల్యాండ్ దించాలి, అది ఇచ్చే మానా అనే శక్తితో జీవులను పిలవాలి, వాటితో ఎదుటివాళ్ళ ప్రాణాలు కొట్టాలి. మొదటి సాయంత్రానికి ఇంతకుమించి అక్కర్లేదు.

అక్కర్లేదని తెలిసీ ఎందుకు చెప్పేస్తాం? 1990లో స్టాన్‌ఫర్డ్‌లో ఎలిజబెత్ న్యూటన్ అనే పరిశోధక విద్యార్థిని ఒక ప్రయోగం చేసింది. కొందరిని అందరికీ తెలిసిన పాటల వరుసను బల్ల మీద వేళ్ళతో తట్టమంది, ఇంకొందరిని అది ఏ పాటో కనుక్కోమంది. సగం మందైనా కనుక్కుంటారని తట్టినవాళ్ళు అనుకున్నారు. 120 పాటల్లో విన్నవాళ్ళు పట్టుకున్నవి మూడు. తట్టేవాడి తలలో పాట మొత్తం మోగుతూ ఉంటుంది, వినేవాడికి వినపడేది టకటకలు. పదేళ్ళుగా ఆడుతున్న మనిషి "ఇది ట్యాప్ చేసి దీన్ని క్యాస్ట్ చెయ్, సమ్మనింగ్ సిక్‌నెస్ ఉంది కాబట్టి ఇప్పుడు కొట్టలేవు, చచ్చాక గ్రేవ్‌యార్డ్‌కి పోతుంది, రెస్పాన్స్‌లో నేనేమైనా వేస్తే స్టాక్ మీదికొస్తుంది" అన్నప్పుడు ఎదుట వినపడేవీ టకటకలే. మనిషి ఒక్కసారిగా మనసులో పట్టి ఉంచగల కొత్త సంగతులు నాలుగైతే ఎక్కువని మనస్తత్వ శాస్త్రవేత్త నెల్సన్ కోవన్ 2001లో తేల్చాడు. పై వాక్యంలో కొత్త మాటలు ఎన్నున్నాయో మీరే లెక్కపెట్టుకోండి.

కంపెనీలు దీన్ని ఇంట్లో నేర్పేవాళ్ళ కన్నా ముందే గ్రహించాయి, అయితే దెబ్బలు తిని. 1997లో విజర్డ్స్ పోర్టల్ అని కొత్తవాళ్ళ కోసమే ఒక సెట్ తెచ్చింది. ఎదుటివాళ్ళ వంతులో కూడా వేయగలిగే ఇన్‌స్టంట్లను అందులోంచి తీసేశారు. బ్లాక్ చేయడానికి వేరే మాట పెట్టారు. పైగా ఆ కార్డులు చాలాకాలం టోర్నమెంట్లలో చెల్లలేదు. నేర్చుకున్న మనిషి అసలు ఆటకు వచ్చేసరికి మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవాల్సొచ్చింది. ఆట తగ్గించబోయి ఆటలోని పస తీసేశారన్నది నా అభిప్రాయం. 2009కి ఆలోచన మారింది. వాడకుండా మిగిలిన మానాకు ప్రాణాలు పోయే పాత నియమాన్ని అసలు ఆటలోంచే ఎత్తేశారు. ఆ రోజుల్లోనే, తరచుగా దొరికే కామన్ కార్డులు కొత్తవాళ్ళకు అర్థమయ్యేలా ఉండాలని రూపకర్తలు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ప్రధాన రూపకర్త మార్క్ రోజ్‌వాటర్ దాని గురించి 2011లో వివరంగా రాశాడు. కొత్తవాళ్ళ కోసం పక్కన వేరే ఆట పెట్టడం మాని, ఆ ఆటలోనే ఒక చిన్న గుమ్మం తెరిచారు. 2020లో వచ్చిన జంప్‌స్టార్ట్ దానికి మంచి ఉదాహరణ. ఇరవై ముక్కల ప్యాకెట్లు రెండు విప్పి కలిపేస్తే నలభై ముక్కల డెక్ తయారు. డెక్ కట్టడమనే పెద్ద తలనొప్పి ఒక్క దెబ్బకు పోయింది.

అదే ఏడు పోకెమాన్ వాళ్ళు బ్యాటిల్ అకాడమీ అనే పెట్టె తెచ్చారు. మొదటి ఆటకు ముక్కలు ఏ వరుసలో రావాలో ముందే పేర్చుకుని, పక్కన పుస్తకం చెప్పినట్టు ఇద్దరూ ఆడుకుంటూ పోవచ్చు. 2024 నవంబరులో మ్యాజిక్ ఫౌండేషన్స్ బిగినర్ బాక్స్ కూడా అదే దారి పట్టింది. పిల్లుల ప్యాకెట్ ఒకరికి, రక్తపిశాచుల ప్యాకెట్ ఒకరికి. ముక్కల వరుస చెదరనివ్వకూడదు. ఏ వంతులో ఏం చేయాలో పుస్తకం చెప్తుంది. కాస్త ఆట వచ్చినవాళ్ళు ఇది చూసి "ఇదేం ఆట, నాటకం" అని పెదవి విరుస్తారు. నాటకమే. మనం లెక్కలు నేర్చుకున్నదీ అలాగే కదా, మాస్టారు బోర్డు మీద చేసి చూపించిన లెక్కను ముందు ఎక్కించుకుని. కొత్త విద్యార్థికి లెక్క ఇచ్చి చెయ్యమనడం కన్నా చేసిన లెక్కను చదివించడం మేలని జాన్ స్వెల్లర్, గ్రాహం కూపర్ 1985లో బీజగణితం మీద చేసిన అధ్యయనంలో చూపించారు. ఇక్కడ నాకు కనపడే ఇంకో లాభం, పుస్తకం మాస్టారి కుర్చీలో కూర్చోవడం. మీరిద్దరూ కలిసి పుస్తకాన్ని తిట్టుకోవచ్చు. కాపురానికి అది మంచిది.

ఆ పెట్టె లేకపోయినా అదే పని ఇంట్లో చేయవచ్చు. అందుకు నేను చూసినవాటిలో అన్నిటికన్నా నికరమైన పద్ధతి ముక్కలు తెరిచి ఆడడం. ఇద్దరి ముక్కలూ బల్ల మీద బోర్లించకుండా పరిచి ఉంచాలి. ఎందుకో ఒక్క సందర్భం చూస్తే చాలు. నేర్పేవారి దగ్గర గ్రిజ్లీ బేర్స్ ఉంది, రెండు బలం, రెండు ఓర్పు. నేర్చుకునే ఆవిడ దగ్గర హిల్ జెయింట్, మూడు బలం, మూడు ఓర్పు. ఎలుగుబంటి దాడికొచ్చింది. రెండు మూడుతో గుద్దుకుంటే రెండే చస్తుంది, ఒకటో తరగతి పిల్లకైనా తెలుసు. ఆవిడ రాక్షసుణ్ణి అడ్డం పెట్టింది. ఆయన మిగిలిన ఒక్క ఫారెస్ట్ ల్యాండ్‌ను పక్కకు తిప్పి జెయింట్ గ్రోత్ వేశాడు. ఆ వంతు ముగిసేదాకా ఎలుగుబంటికి మూడు బలం, మూడు ఓర్పు అదనం. ఇప్పుడది అయిదు, అయిదు. రాక్షసుడు చచ్చాడు, ఎలుగు బతికింది. ముక్కలు మూసి ఆడితే ఆవిడకు కలిగే భావం ఒక్కటే, మోసపోయానని. "ముందే చెప్పొచ్చుగా" అంటుంది, ఆ మాట న్యాయమే.

తెరిచి ఆడితే జెయింట్ గ్రోత్ ఆవిడ కళ్ళెదుటే ఉంటుంది. అడ్డుపెడితే రాక్షసుడు పోతాడు. పెట్టకపోతే రెండు ప్రాణాలు పోతాయి, ఆయన ఆ ముక్కను కూడా ఖర్చు చేస్తే అయిదు. ఇరవైలో అయిదు పోతే కొంపేమీ మునగదు, పైగా ఆయన చేతిలో మంచి ముక్క ఒకటి ఖర్చవుతుంది. ఇంకో సంగతి, దాడికి తిరిగిన ఎలుగుబంటి పక్కకు తిరిగే ఉంటుంది కాబట్టి ఆవిడ తర్వాతి వంతులో అది అడ్డు రాలేదు. రాక్షసుడు దర్జాగా వెళ్ళి మూడు కొట్టి రావచ్చు. ఇవన్నీ ఇద్దరూ ఒకే బల్ల మీద చూస్తూ తర్కించుకోవచ్చు. ఇలా రెండు ఆటలయ్యాక ముక్కలు మూసి ఆడినప్పుడు, ఆయన దాడి చేయగానే ఆవిడ ముక్కల వైపు చూడదు, ల్యాండ్ల వైపు చూస్తుంది. "ఆ ఒక్క ఫారెస్ట్ ఎందుకు వాడకుండా ఉంచావ్?" ఆ ప్రశ్న వచ్చిందంటే ఆట వచ్చినట్టే. పోర్టల్ పోగొట్టుకున్నది సరిగ్గా ఈ ప్రశ్ననే.

ప్రత్యర్థిని కుర్చీలోంచి పూర్తిగా లేపే దారి ఇంకొకటుంది, జనం పెద్దగా పట్టించుకోరు. టూ-హెడెడ్ జెయింట్ అనే పద్ధతిలో ఇద్దరిద్దరు జట్టు, జట్టుకు ముప్పై ప్రాణాలు, వంతు ఉమ్మడి. ఒకరి ముక్కలు ఒకరు చూసుకోవచ్చు, సలహా చెప్పుకోవచ్చు. మన రమ్మీ భుజం ఇక్కడ దొరికింది. ఇంకో జంట దొరకాలన్నదే చిక్కు. మనుషులు దొరక్కపోతే ఎలా అనుకునో ఏమో, 2013లో విజర్డ్స్ ఫేస్ ది హైడ్రా అని ఒక డెక్ తెచ్చింది. తనంతట తానే ఆడే రాక్షసి అది, దానికి ఎదురుగా ఇద్దరూ ఒకవైపు నిలబడవచ్చు. ఆ వరుసలో ఇంకో రెండు వచ్చి ఆగిపోయాయి. కొత్త జంటలకు కానుకగా అమ్మదగ్గ సరుకును పట్టుమని మూడు డెక్కులకే ఎందుకు వదిలేశారా అనిపిస్తుంది.

అంపైరును పంపడానికి ఫోనుంది. మ్యాజిక్ అరీనా ఉచితం, నియమాలన్నీ యంత్రమే చూసుకుంటుంది. చెల్లని ఎత్తు వేయనివ్వదు, మొదట్లో స్పార్కీ అనే బొమ్మతో ఆడించి ఒక్కో సంగతీ చెప్తుంది. భాగస్వామి ఎదుట తెలివితక్కువగా కనపడతామన్న బెరుకు ఉన్నవాళ్ళకు ఇది పెద్ద ఊరట. ఒక లోపం మాత్రం ఉంది. యంత్రం అన్నీ తానే చేసేస్తుంటే ఎందుకలా అయిందో అడగాల్సిన పని ఉండదు. అరీనాలో నెల రోజులు గెలిచినవాళ్ళు కూడా బల్ల మీదికొచ్చాక వంతు మొదట్లో ముక్కలు నిటారుగా తిప్పుకోవడం మరచిపోతారు. పోకెమాన్ పాకెట్ మరీ చిన్నది. ఇరవై ముక్కల డెక్, మూడు పాయింట్లకు ఆట, ఎనర్జీ దానంతటదే వస్తుంది. బస్సులో ఆడుకోవడానికి బాగుంటుంది. పెద్ద ఆటకు మెట్టుగా పనికొస్తుందనే నమ్మకం నాకు అంతగా లేదు.

మొదటి ఆటలు పాడయ్యేది తెలియకపోవడంవల్లే కాదు, దురదృష్టంవల్ల కూడా. మామూలుగా కట్టే అరవై ముక్కల డెక్‌లో ల్యాండ్లు ఇరవై నాలుగుంటాయి. లెక్క వేస్తే, మొదట వచ్చే ఏడు ముక్కల్లో ల్యాండ్ అసలు లేకపోవడమో ఒక్కటే ఉండడమో నూటికి పద్నాలుగు సార్లు జరుగుతుంది. అంటే సుమారు ఏడు ఆటల్లో ఒకటి. అలాంటి చెయ్యి పట్టుకుని కొత్త మనిషి ఏమీ చేయలేక కూర్చుంటే, ఎదుటివాళ్ళు హాయిగా కొట్టుకుంటూ పోతారు. "లక్కు బాగాలేదు" అన్న ఓదార్పు పనిచేయదు. ముక్కలు మళ్ళీ పంచుకోవడానికి నియమాల్లోనే వీలుంది, కానీ దానికి ఒక ముక్క జరిమానా కట్టాలి. ఇంట్లో నేర్పేటప్పుడు ఆ జరిమానా వసూలు చేయడం నాకు చిల్లర బుద్ధిలాగే కనపడుతుంది.

ఆటల ఎంపిక మీద వాదన చాలా సాగుతుంది, అంత అవసరం లేదు. పోకెమాన్‌లో ఎదుటివాళ్ళ వంతులో మనం చేయాల్సింది దాదాపు ఏమీ ఉండదు కాబట్టి అన్నిటికన్నా తేలిక. 2023లో వచ్చిన లోర్కానా ఆ సులువును ఉంచుతూనే ల్యాండ్ల బెడదను కూడా తీసేసింది. చేతిలోని ముక్కల్లో చాలావాటిని బోర్లించి ఇంకుగా వాడుకోవచ్చు. ఇరవై లోర్ ముందెవరు పోగేస్తే వాళ్ళే గెలుస్తారు. ఎదుటివాళ్ళ ప్రాణాలు తీయాల్సిన పని లేదు, కొందరికి అది హాయి. యూ-గి-ఓను మాత్రం ఇంట్లో మొదటి ఆటగా పెట్టొద్దంటాను. అందులో మానా లాంటి కట్టడి లేదు. బాగా ఆడేవాళ్ళు ఒక్క వంతులో పది పన్నెండు ఎత్తులు గొలుసుకట్టుగా వేస్తారు. కొత్తవారు టీ చల్లారిపోయేదాకా చూస్తూ కూర్చోవాలి.

మ్యాజిక్‌లోనే ఒక పద్ధతి అయిన కమాండర్ సంగతి వేరు, దాని మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది. నలుగురు ఆడే ఆట, మనిషికి నలభై ప్రాణాలు, వంద ముక్కల డెక్, బేసిక్ ల్యాండ్లు తప్ప ఏదీ రెండుసార్లు ఉండదు. ఇప్పుడు మ్యాజిక్‌లో దీని హవాయే నడుస్తోంది. అందుకే "మా ఆవిణ్ణి నేరుగా కమాండర్‌కే తీసుకొస్తా, నలుగురిలో సరదాగా నేర్చుకుంటుంది" అంటారు. సరదా నిజమే, బల్ల చుట్టూ కబుర్లుంటాయి, తొందరగా చావరు. కానీ ఆ బల్ల మీదికి కొన్ని వందల రకాల ముక్కలు రావచ్చు, ఒక్కోదానికి ఒక్కో పేరా. ప్రతి వంతులోనూ ముగ్గురు మనుషులు ముగ్గురు అంపైర్లవుతారు, ముగ్గురూ ఒకేసారి సలహా చెప్తారు. ఆవిడ చేతులు ముక్కలు వేస్తుంటాయి, ఆట ఇంకెవరో ఆడుతుంటారు. అరవై ముక్కల ఆట చేతికొచ్చాక రెండో నెలలో కమాండర్‌కు రండి. మొదటి వారంలో వద్దు.

గెలవనివ్వాలా అన్న ప్రశ్న ప్రతిచోటా వస్తుంది. కావాలని ఓడిపోవడం పెద్దవాళ్ళ మధ్య అవమానం, రెండో ఆటకల్లా పట్టుబడుతుంది కూడా. దానికన్నా గెలిచే డెక్‌ను వాళ్ళ చేతికిచ్చి మీరు బలహీనమైనది పట్టుకోవడం మర్యాద. ఆట ఆటకూ డెక్కులు మార్చుకుంటే ఓడిన డెక్‌తోనే ఎలా గెలవచ్చో కనపడుతుంది. 2007లో ఎల్వ్స్ వర్సెస్ గాబ్లిన్స్‌తో మొదలై 2018 దాకా వచ్చిన డ్యుయెల్ డెక్స్ ఇందుకు చక్కగా కుదిరేవి, ఒకే పెట్టెలో సరిజోడు డెక్కులు రెండు. నేర్పేవారు ఏళ్ళ తరబడి సానపెట్టిన తన టోర్నమెంట్ డెక్ బయటికి తీసి, ఎదుట కొత్తగా కొన్న డెక్ పెట్టి ఆడితే అది నేర్పడం కాదు, ప్రదర్శన.

ఇక డెక్ ఎవరు ఎంచాలన్నది. "నీకిది సులువు" అని మనం ఎంచి ఇచ్చేది సాధారణంగా మనం ఓడించడానికి సులువైనది. 2024లో వచ్చిన మ్యాజిక్ సెట్ బ్లూమ్‌బరోలో మనుషులే లేరు, కత్తులు పట్టిన ఎలుకలు, కుందేళ్ళు, కప్పలు. ఆట మీద ఏ ఆసక్తీ లేనివాళ్ళు కూడా ఆ బొమ్మల కోసం కార్డులు చేతిలోకి తీసుకుంటారు. 2023లో లార్డ్ ఆఫ్ ది రింగ్స్ సెట్, 2025లో ఫైనల్ ఫాంటసీ సెట్ వచ్చాయి. అవి తెలిసిన మనిషికి ఆ పాత్రలను పరిచయం చేసే పని మీకుండదు, వాళ్ళే మీకు చేస్తారు. ఆ కాసేపు మాస్టారి కుర్చీ చేతులు మారుతుంది. నేర్పేది ఎప్పుడూ మగవాడే అన్న ఊహ మన మాటల్లో పాతుకుపోయింది, ఈ వ్యాసంలోనూ పడింది. 2013లో ప్రో టూర్ అనే పెద్ద మ్యాజిక్ పోటీలో చివరి ఎనిమిదిమందిలోకి చేరిన మెలిస్సా డెటోరా ఆ ఘనత సాధించిన మొదటి మహిళ, ఆ తర్వాత విజర్డ్స్‌లోనే ఆటల రూపకల్పనలో పనిచేసింది. ఆవిడ ఎదుట కొత్తగా కూర్చోవాల్సొస్తే మనలో చాలామందికి ముక్కలు తెరిచి ఆడమనే అడగాలనిపిస్తుంది.

పై పద్ధతులన్నీ అవతలి మనిషి నేర్చుకోవాలనుకుంటేనే పనికొస్తాయి. ఇద్దరి సరదాలూ ఒకటే కావాలని ఏ మంత్రంలోనూ లేదు. "నాకొద్దు" అన్న మనిషిని పుట్టినరోజు కానుక పేరుతో బల్ల దగ్గరికి లాగొద్దు. ఊళ్ళో కార్డుల దుకాణం ఉంటే శుక్రవారం సాయంత్రం అక్కడికి వెళ్ళండి. ఫ్రైడే నైట్ మ్యాజిక్ ఇరవై ఏళ్ళకు పైగా నడుస్తోంది, ఇంట్లో జోడీ దొరకనివాళ్ళు అక్కడ బోలెడంతమంది కనపడతారు.